రెండు బెల్టుల మధ్య

ఆ వానాకాలం మా వదిన ‘మంచి’, ‘చెడ్డ’ అనే రెండు మాటల్నీ మా దుకాణంలోంచి వెళ్ళగొట్టింది. అప్పటిదాకా మా ఇల్లు నడిచింది ఆ రెండు మాటల మీదే. మంచోడు మా అన్నయ్య. రెండోవాణ్ణి నేను. ఈ లెక్క నాన్న ఎప్పుడో తేల్చేశాడు, దాన్ని మళ్ళీ విప్పి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మాది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. ముందు గదిలో నాన్న బల్ల, దాని వెనక చెక్క అడ్డు, అడ్డుకి అవతల ఒక పెద్ద హాలు. హాలు నిండా పాత మిషన్ల ఇనప కాళ్ళు, విరిగిన చక్రాలు, గోడలకి వేలాడే తోలు బెల్టులు. నాన్నకి చేతులు వణకడం మొదలై చాలా రోజులైంది. సూదిలోకి దారం ఎక్కించడానికి కూడా నన్నే పిలిచేవాడు. కానీ మిషన్ విప్పే పని మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను నూనె వెయ్యాలి, తుడవాలి, బాగైన మిషన్ని భుజాన వేసుకుని దర్జీల ఇళ్ళలో దించి రావాలి. అంతవరకే నా హద్దు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం టీ తాగుతూ నాన్న తన నిర్ణయం చెప్పేశాడు.

“వానలు వెలిశాక దుకాణం మందుల షాపాయనకి అద్దెకిచ్చేస్తున్నా. పెద్దాడికి ఉద్యోగం ఉంది. ఈ శాల్తీ చేతిలో పెడితే మూణ్ణాళ్ళకి తాళం పడుతుంది. ఆ పడే తాళమేదో నేనే వేసి పోతే పరువైనా దక్కుతుంది.”

శాల్తీ అంటే నేనే. అన్నయ్య గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ దుకాణం నాకు కావాలి. లోకంలో ఇంకేదీ నేను అంతగా కోరుకోలేదు. నాన్న భోజనానికి ఇంటికెళ్ళినప్పుడల్లా దొంగచాటుగా మిషన్లు విప్పి, చూసి, ఆయన వచ్చేలోగా మళ్ళీ బిగించేసేవాణ్ణి. ఆ మాట చెప్పడానికి నోరు పెగల్లేదు. బయట కబుర్లు చెప్పమంటే పొద్దు గూకేదాకా చెబుతాను గానీ, నాన్న ఎదుట మాత్రం నాలుక అంగిటికి అంటుకుపోతుంది.

వదిన మా ఇంటికొచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పక్క వీధి బడిలో మూడో తరగతి టీచరు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. గొడుగు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ వదిలేసి వచ్చేది. కానీ ముప్పై మంది పిల్లల్లో ఎవరు ఏ రోజు ఏమన్నారో ఏడాది తర్వాత అడిగినా పొల్లుపోకుండా చెప్పేది.

ఆ ఏడాది వానలకి బడి కప్పు కారి, మూడో తరగతి గది చెరువైపోయింది. హెడ్మాస్టరు చేతులెత్తేశారు. వదిన వచ్చి నాన్నని అడిగింది.

“మామయ్యా, మన హాలు ఖాళీగానే ఉందిగా. వానలు తగ్గేదాకా పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టుకోనా?”

నాన్న ముఖం చిట్లించాడు గానీ కాదనలేకపోయాడు. “సరేనమ్మా. చక్రాల్లో వేళ్ళు పెట్టకుండా చూసుకో. నాకు తలనొప్పి తెప్పించకుండా చూసుకో.”

రెండోది ఎవరి వల్లా అయ్యే పని కాదు. మర్నాటికి హాలంతా పిల్లలే. ఇనప కాళ్ళ మధ్య సంచులు, చక్రాలకి వేలాడే తడి గొడుగులు. పేర్లు చెప్పలేను గానీ, వదిన పెట్టిన ముద్దుపేర్లు ఇప్పటికీ గుర్తే. ప్రతిదానికీ వాదనకి దిగే రెండు జడల పిల్ల ‘లాయరు’. నడిచేటప్పుడు నోటితో గేర్లు మార్చే పిల్లాడు ‘డ్రైవరు’. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, నవ్వొచ్చినప్పుడల్లా చేత్తో నోరు మూసుకునే పిల్లని మాత్రం ‘బంగారం’ అనేది. ఎందుకని అడిగితే, “పిలిస్తే పలుకుతుందిగా, ఇంకేం కావాలి?” అంది.

ఒకరోజు నన్ను పిలిచి, “మరిదిగారూ, ఆ పాత బెల్టులు కలిపి రెండు పెద్ద వలయాలు చేసిపెట్టవా?” అంది. అరిగిపోయిన తోలు బెల్టుల్ని తీగతో ఒకదానికొకటి కుట్టి రెండు చేసిచ్చాను. వాటిని నేల మీద పరిచింది, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి వచ్చేలా. మధ్యలో రెండిటికీ చెందిన చిన్న చోటు మిగిలింది. పిల్లలు చుట్టూ చేరారు. నేను నూనె డబ్బా పట్టుకుని అడ్డు పక్కన నిలబడిపోయాను.

వదిన కథ చెప్పింది. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు మేకపిల్లని తీసుకుని ఇంటికొస్తుంటే వాగు పొంగింది. అక్క ఒక్కతే ఈదుకుంటూ అవతలికి పోయింది. చెల్లెలు మేకపిల్లని ఒళ్ళో పెట్టుకుని గట్టు మీదే కూర్చుంది. పొద్దు వాలే వేళకి అక్క పడవ తీసుకుని వెనక్కి వచ్చింది. కథ అంతే.

“ఇప్పుడు చెప్పండి. అక్క ఎలాంటిది, చెల్లెలు ఎలాంటిది?”

లాయరు లేచి నిలబడింది. “చెల్లి మంచిది టీచర్. అక్క చెడ్డది. వదిలేసి పోయింది.”

“అక్కే మంచిది,” అన్నాడు డ్రైవరు. “పడవ తెచ్చింది. చెల్లి ఉత్తినే కూర్చుంది.”

అంతే, హాలు రెండు పార్టీలైపోయింది. మంచి, చెడ్డ, మంచి, చెడ్డ అని ఒకటే గోల. ముందు గదిలోంచి నాన్న దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు, హెచ్చరిక.

వదిన గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఇంకా తగ్గించేది. వినాలంటే పిల్లలే నోరు మూసుకోవాల్సి వచ్చేది.

“ఇవాళ్టి నుంచి ఈ గదిలోకి ఆ రెండు మాటలూ రాకూడదు. చెప్పులతో పాటు వాటిని కూడా గుమ్మం బయట విప్పి రండి.”

“మరి ఏం చెప్పాలి టీచర్?” లాయరు బిక్కమొహం వేసింది. “గైడులో అలాగే ఉంటుంది.”

“అక్కకి ఏం కావాలో చెప్పు. దేనికి భయపడిందో చెప్పు. చెప్పాక, కథలో ఎక్కడుందో చూపించు. చూపించలేనిది ఈ బెల్టుల్లోకి రాదు.”

పిల్లలు చీటీల మీద రాసి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీదా నా దగ్గరున్న, దారం చుట్టే పాత బాబిన్ పెట్టి, అక్క వలయంలో కొన్ని, చెల్లెలి వలయంలో కొన్ని సర్దారు. మధ్య చోటులోకి మాత్రం ఎవరూ రాలేదు. ఇద్దరికీ కలిసేది ఏముంటుందని వాళ్ళ బాధ. చివరికి డ్రైవరు ధీమాగా వెళ్ళి ఒక చీటీ పెట్టి వచ్చాడు. వదిన పైకి చదివింది. “ఇద్దరికీ ముక్కులున్నాయి.”

ముందు గదిలో నాన్న పకపకా నవ్వాడు. అడ్డుకి ఇవతల మాటలన్నీ ఆయన వింటున్నాడని నాకు అప్పుడే తెలిసింది. పిల్లలూ నవ్వారు. డ్రైవరు ముఖం మాడిపోయింది. వదిన ఒక్కతే నవ్వలేదు.

“నిజమే రా. ముక్కులుంటాయి. ఆ ముక్కులు తీసేస్తే కథేమన్నా మారుతుందా?”

వాడు నిజంగానే ఆలోచించాడు. “మారదు టీచర్. తుమ్మరు, అంతే.”

“అయితే, తీసేస్తే కథ మారిపోయేది ఏదైనా ఉందేమో వెతుకు.”

వాడు బెల్టుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. గేర్లు మార్చడం కూడా మానేశాడు. మిగతావాళ్ళు వేరే పనిలో పడ్డాక, వాన కాస్త తెరిపిచ్చాక, వచ్చి వదిన కొంగు లాగాడు.

“టీచర్, ఇద్దరూ మేకపిల్లని వదల్లేదు.”

“అక్క వదిలేసిందిగా!” లాయరు అందుకుంది.

“వదిలేస్తే పడవెందుకు తెస్తుంది? ఇంటికి పోయి పడుకునేది కదా.”

వదిన నేల మీద చతికిలబడి ఆ మధ్య చోటు వైపే చూస్తూ ఉండిపోయింది. “ఇది నాకే తట్టలేదు రా,” అంది వాడితో. వాడు ఒక అడుగు ఎత్తు పెరిగాడు. నేను నూనె డబ్బా ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. నేను చదివిన నాలుగు ముక్కల చదువులో ఏ మాస్టారూ నా తెలివితక్కువ మాటని అలా చేతుల్లోకి తీసుకుని చూడలేదు. ఇలాంటి టీచరు నాకు దొరికుంటే అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత రోజూ ఒక కథ. దొంగా పోలీసూ, కోడలూ అత్తా, ఇద్దరు స్నేహితులూ. మంచి అన్నవాడి నోటికి డ్రైవరే తాళం వేసేవాడు. ఇంట్లో కూడా ఆ గాలి సోకింది. అన్నయ్య ఆఫీసులో పై అధికారిని తిట్టబోయి, “అసలు ఆయన దేనికి భయపడుతున్నాడో,” అని ఆగిపోయేవాడు. నేను నవ్వితే అన్నయ్యా నవ్వేవాడు. మేమిద్దరం కలిసి నవ్వడం అంతకుముందు ఎప్పుడు జరిగిందో గుర్తుకు రాలేదు.

నాన్నకి మాత్రం ఒళ్ళు మండుతోంది. ఒక సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక హాల్లోకి వచ్చి నిలబడ్డాడు.

“ఏంటమ్మా ఈ చదువు? కథంటే మంచోడుండాలి, చెడ్డోడుండాలి. వీడిలా ఉండు, వాడిలా ఉండకు అని చెప్పాలి. నువ్వేమో దొంగకి కూడా వకాల్తా పుచ్చుకుంటున్నావు.”

“వకాల్తా కాదు మామయ్యా. తీర్పు చెప్పేముందు ఒకసారి చూడమంటున్నా, అంతే.”

“చూసేదేముంది? కొన్ని చూడక్కర్లేదు. చేసిన పనులే చెబుతాయి.” ఆయన చూపు నా మీద ఒకసారి ఆగి వెళ్ళింది. “రేపు నేను చెబుతా కథ. అందులో ఎవడు ఎలాంటివాడో నీ పిల్లలు కళ్ళు మూసుకుని చెబుతారు. నువ్వు కూడా దాచలేవు.”

వదిన నా వైపు చూసింది. కోడలి ముందు నాన్న ఎప్పుడూ చెప్పలేదు గనక ఆ కథ ఏదో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. బంధువులొచ్చినా, దర్జీలొచ్చినా నాన్న చెప్పే కథ అదొక్కటే. పొద్దున్నే ఎటైనా మిషన్ మోసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. మందుల షాపాయన వారంలో వచ్చి హాలు కొలతలు తీసుకుంటానని కబురు పంపాడు. ఇంక పోయేదేముందని ఉండిపోయాను.

మర్నాడు నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పిల్లలు ఆయన కోసం స్టూలు వేసి, దుమ్ము దులిపి, చుట్టూ కూర్చున్నారు. నాన్న కథ చెప్పడంలో దిట్ట. అది ఒప్పుకుని తీరాలి. మొదటి మాటకే హాలు కిక్కురుమనలేదు.

“ఒకాయనకి ఇద్దరు కొడుకులు. వాళ్ళమ్మ మంచాన పడింది. లేవలేదు, చెయ్యి కూడా ఎత్తలేదు. తండ్రి దుకాణానికి పోకపోతే ఇల్లు గడవదు. పెద్దాడికి పెద్ద పరీక్షలు. వాడి చదువు చెడకూడదని తండ్రి పొద్దున్నే వాణ్ణి గదిలో కూర్చోబెట్టి, తిండీ నీళ్ళూ లోపలే పెట్టి, బయట గడియ వేసి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి తీసేవాడు. వాడు నోరెత్తలేదు. చదివాడు, నెగ్గాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. చిన్నాడున్నాడే, వాడు సంచి తగిలించుకుని బడికని బయల్దేరేవాడు. బడికి మాత్రం చేరేవాడు కాదు. ఏడాదంతా గాలికి తిరిగాడు. మాస్టారు కబురు పంపితే గానీ తండ్రికి తెలియలేదు. ఆ ఏడు తప్పాడు, ఆ తర్వాత ఇంక చదువే అబ్బలేదు. ఆ తల్లి కోలుకోలేదు. ఇదీ కథ. చెప్పండిప్పుడు.”

వదిన ముఖంలో రంగు మారింది. ఆవిడకి అర్థమైపోయింది. పాఠం అక్కడితో ఆపేసి పిల్లల్ని ఇంటికి పంపెయ్యొచ్చు. గడియ వెనక కూర్చున్నది ఆవిడ భర్త. గాలికి తిరిగినవాడు అడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు దించుకుని, తర్వాత రోజూలాగే రెండు బెల్టులూ పరిచింది.

“తాతగారి కథలో ఇద్దరున్నారు. అడగాల్సినవి అడగండి.”

లాయరు లేచింది. “తాతగారూ, చిన్నోడు బడికి పోకుండా ఎక్కడికి పోయేవాడు?”

“చెప్పానుగా, గాలికి తిరిగేవాడు.”

“ఎవరు చూశారు?”

నాన్న తడబడ్డాడు. “చూసేదేముందమ్మా.”

“వాళ్ళ నాన్న అడిగాడా, ఎక్కడికి పోయేవాడివి అని?”

“అడగడం దేనికి? రెండు తగిలించాడు.”

లాయరు వదిన వైపు చూసింది. “అయితే కథలో లేదు టీచర్. గాలికి తిరిగాడని పెట్టకూడదు.” రాసిన చీటీని తనే చింపేసింది. నాన్నకి కోపం రావాలి. రాలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఆయనకి తెలిసినట్టు లేదు.

బంగారం చెయ్యెత్తింది. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యే ఎత్తింది. “తాతగారూ, ఆవిడకి దాహమేస్తే నీళ్ళు?”

“తండ్రి పొద్దున్నే చెంబు నిండా పోసి మంచం పక్కన పెట్టి వెళ్ళేవాడమ్మా.”

“చెయ్యి ఎత్తలేదన్నారుగా. చెంబు ఎలా ఎత్తుకుంటుంది?”

నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“సాయంత్రం తండ్రి వచ్చేసరికి చెంబు నిండుగా ఉండేదా, ఖాళీగానా?” అడిగింది లాయరు.

వాన రేకుల మీద పడుతోంది. ఆయన అబద్ధం చెప్పొచ్చు. ఆ పిల్లలకి ఏం తెలుసు?

“ఖాళీగానే ఉండేది,” అన్నాడు.

“పెద్దోడు గదిలో ఉన్నాడు,” అన్నాడు డ్రైవరు వేళ్ళు మడుస్తూ. “గడియ బయటుంది. నాన్న దుకాణంలో ఉన్నాడు.” వాడికి ఇంక మడవడానికి ఒక్క వేలే మిగిలింది. దాన్ని మడవకుండా అలాగే పైకెత్తి పట్టుకున్నాడు.

బంగారం చీటీ మీద ఏదో రాసుకుని వెళ్ళి చిన్నోడి వలయంలో పెట్టి, బాబిన్ పెట్టి వచ్చింది. నేను అటు చూడలేకపోయాను. బెల్టుకి తీగ బిగిస్తున్నట్టు తల వంచుకున్నాను.

అప్పుడు పిల్లలు ఒక్కసారిగా పెద్దోడి మీద పడ్డారు. “అయితే పెద్దోడే టీచర్! పెద్దోడే చె...” డ్రైవరే నోరు నొక్కేసుకున్నాడు. లాయరు ఆగలేదు. “పెద్దోడికి తన చదువే కావాలి టీచర్. వాళ్ళమ్మని పట్టించుకోలేదు.”

వదిన ఏమంటుందోనని తలెత్తి చూశాను. వాళ్ళంటున్నది ఆవిడ మొగుణ్ణి. ఇంకొకరైతే మాట మార్చేసేవారు. లేదా వెనకేసుకొచ్చేవారు. ఆవిడ రెండూ చెయ్యలేదు. దొంగ గురించి అడిగిన గొంతుతోనే అడిగింది.

“పట్టించుకోలేదని కథలో ఎక్కడుంది?”

లాయరు వెతుక్కుంది. పాపం, ఎంత వెతికినా దొరకలేదు.

“గడియ బయటుంది,” అంది బంగారం మెల్లగా. “తీసుకుని రావాలన్నా రాలేడు టీచర్.”

“అవునా?” అంది వదిన. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. “అయితే మధ్యలో ఏం పెట్టొచ్చో చూడండి. ఇద్దరికీ చెందింది. తీసేస్తే కథ మారిపోయేది.”

ఈసారి తొందరపడి ఎవరూ వెళ్ళలేదు. ముక్కుల సంగతి అందరికీ గుర్తుంది. చాలాసేపటికి బంగారమే లేచి, బెల్టుల మధ్యకి వెళ్ళి చీటీ పెట్టింది. వదిన వంగి చూసింది గానీ పైకి చదవలేదు. నాన్న స్టూలు మీంచి లేచి, తనే వచ్చి వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు.

“ఇద్దరికీ నాన్నంటే భయం.”

ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. చీటీని ఉన్నచోటే ఉంచి, పక్కకి జరిగిన బాబిన్‌ని సరిగ్గా పెట్టాడు. “పాఠం కానివ్వమ్మా,” అని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అటునుంచి మిషన్ చక్రం తిరిగిన చప్పుడు వినిపించింది. కుట్టడానికి అక్కడ గుడ్డ లేదు.

పిల్లలు వెళ్ళాక బెల్టులు చుట్టడానికి వచ్చాను. వదిన ఇనప కాళ్ళకి ఆనుకుని కింద కూర్చుని ఉంది.

“నాకు తెలియదు,” అంది. “తెలిస్తే మామయ్యని చెప్పనిచ్చేదాన్ని కాదేమో.”

“చెప్పనిచ్చినందుకే నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలనుంది వదినా.”

“పోవయ్యా,” అంది. తర్వాత, “చిన్నపిల్లాడివి కదా అప్పుడు. అత్తయ్యని ఎలా చూసుకున్నావు?” అంది.

“పెద్ద విషయమా? జావ పట్టేవాణ్ణి, పక్క మార్చేవాణ్ణి. మిగతా టైమంతా అమ్మే మాట్లాడేది, నేను వినేవాణ్ణి.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

“ఎవరూ అడగలేదుగా.” నవ్వబోయాను. రాలేదు. ఆవిడ చూడకుండా బెల్టులు గోడకి తగిలించే పని పెట్టుకున్నాను.

నాన్న ఆ సంగతి ఎత్తలేదు. ఒక రోజు, రెండు రోజులు, ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వానలు తగ్గుముఖం పట్టాయి. బడి కప్పు మీద కొత్త రేకులు వేస్తున్నారని, పిల్లలు సోమవారం వెళ్ళిపోతారని వదిన చెప్పింది. ఆదివారం పొద్దున్నే మందుల షాపాయన టేపు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నేను మిషన్ తుడుస్తూ తలెత్తలేదు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

“హాలు మాత్రం ముందే ఖాళీ చేయించాలి పెద్దాయనా,” అన్నాడాయన. “అరలు కొట్టించుకోవాలి.”

“మీకు ముందే చెప్పాల్సింది,” అన్నాడు నాన్న. “ఇవ్వడం లేదండి. మా చిన్నవాడు నడుపుకుంటాడు.”

“అదేంటండీ? వాడికి చేతకాదని మీరేగా...”

“అన్నాను. చూడకుండా అన్నాను.”

షాపాయన వెళ్ళిపోయాడు. నాన్న బల్ల మీదున్న మిషన్ని రెండు చేతులతో నా వైపు తిప్పాడు. అడుగు పలక మరలు విప్పి ఉన్నాయి. ఆయన నా ముఖంలోకి చూడలేదు. “కింద పట్టేసింది. చూడు,” అన్నాడు. విప్పాను. ఆయన ఆపలేదు. ఇదిగో ఇలా కాదని ఒక్కసారి కూడా అనలేదు.

లోపల పళ్ళ చక్రం తుడుస్తుండగా, వెనకనుంచి అన్నాడు.

“ఆ ఏడాది... పగలంతా మీ అమ్మ ఏం మాట్లాడేదిరా?”

ఎన్నేళ్ళుగానో నేను ఆ ప్రశ్న కోసమే ఈ దుకాణాన్ని పట్టుకుని వేలాడానని నాకు అప్పుడు తెలిసింది. మిషన్ కాదు, అద్దె కాదు. ఈయన అడగాలి, నేను చెప్పాలి.

“చాలా మాట్లాడేది నాన్నా,” అన్నాను. “మీకు పెళ్ళైన కొత్తలో సంగతులు. మీరు మొదటి మిషన్ విప్పి మళ్ళీ బిగించలేక ఏడ్చిన సంగతి.”

నాన్న ముక్కుతో ఒక చప్పుడు చేశాడు. నవ్వో ఏడుపో తెలియలేదు. అప్పుడే గుమ్మంలో నీడ పడింది. అన్నయ్య. వదిన ఇంట్లో ఏం చెప్పిందో ఏమో, ఆదివారం పూట ఎప్పుడూ దుకాణం ముఖం చూడనివాడు వచ్చి చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాడు. లోపలికి రావచ్చో లేదో తెలియనివాడిలా ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది.

“నేను ఒక్కసారి కూడా...” అని ఆగిపోయాడు. “తలుపు అవతలే ఉండి, అమ్మకి ఒక్క గుక్క నీళ్ళు కూడా...”

“అన్నయ్యా, రా, కూర్చో. అమ్మకి నువ్వు లేకపోతే పొద్దు గడిచేది కాదు.”

“ఊరుకోరా.”

“నిజం. నువ్వు పాఠాలు పైకి చదివేవాడివి చూడు, అవన్నీ వినేది. నేను మాట్లాడబోతే, ‘ఉండరా, అన్నయ్య చదువుతున్నాడు’ అనేది. సగం పాఠాలు ఆవిడకే నోటికొచ్చాయి. నీ గొంతు ఆగితే మాత్రం కంగారు పడేది. ‘ఎందుకు ఆపేశాడు? చూసి రా’ అని నన్ను తరిమేది. గడియ తీసి చూసేవాణ్ణి. నువ్వు పుస్తకం మీద తల పెట్టి గాఢంగా నిద్రపోతుండేవాడివి.”

అన్నయ్య స్టూలు మీద కూలబడ్డాడు. “అమ్మకి చెప్పావా?”

“ఎందుకు చెబుతాను? మళ్ళీ చప్పుడు కాకుండా గడియ వేసి, ‘చదువుతున్నాడమ్మా, మనసులో’ అని చెప్పేవాణ్ణి.”

నాన్న లేచి వెళ్ళి దుకాణం తలుపులు రెండూ బార్లా తెరిచాడు. వాన వెలిసిన గాలి లోపలికి కొట్టింది. ఆయన వచ్చి మా ఇద్దరి మధ్య కింద కూర్చున్నాడు.

“ఇంకా చెప్పు,” అన్నాడు.